ఆదోని నుంచి కువైట్‌కు దారి

పత్తి సీజన్లో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోవాలంటే ఓపిక ఉండాలి. మార్కెట్ యార్డు వైపు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. రోడ్డు పక్క ముళ్లకంపలన్నిటికీ పత్తి పింజలు చిక్కుకుని వేలాడుతుంటాయి. నా పక్క సీట్లో కూర్చున్న అబ్బాయి ఇవేవీ చూడడం లేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కొత్త పాస్‌పోర్టును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నా దగ్గర చదివినవాడే. ముందురోజు ఫోన్ చేశాడు.

"సార్, పాస్‌పోర్టు మీద యాదో ముద్ర ఏసినారు. అది ఉంటే కువైట్‌కు పోనియ్యరంట గదా? ఆదోనిలో ఒకాయన ఎట్లైనా పంపిస్తానంటాండాడు. మీరొకసారి మాట్లాడండి సార్."

ఆ ముద్రను ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అంటారు. పది పాసైన సర్టిఫికెట్ చూపించలేనివాళ్ల పాస్‌పోర్టు మీద మామూలుగా వేసేది. ఆదాయపన్ను కట్టేవాళ్లు, యాభై దాటినవాళ్లు లాంటి కొందరికి మినహాయింపు ఉంది. ముద్ర పడ్డవాళ్లు కువైట్, సౌదీ, ఖతార్ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వాధికారి క్లియరెన్స్ తీసుకోవాలి.

పది ఎందుకు పాస్ కాలేదని అతన్ని నేను అడగనక్కర్లేదు. హాజరు పట్టీ రాసింది నేనే. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం పల్లెల్లో పత్తి తీతలు ముగిసేసరికి ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు సంసారాలకు సంసారాలే బండ్లెక్కుతాయి. మా పక్క ఈ వలసను సుగ్గి అంటారు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు గానీ, చేనిగట్టున చంటి చెల్లెల్ని ఆడించడానికి తల్లి వెంట పోయినవాడికి హాస్టల్ ఏం అక్కరకొస్తుంది? ఉగాదికి తిరిగొచ్చేవాడు. ఒక ఏడు బడికి రానేలేదు. గుంటూరు పోవడానికి ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. కువైట్ అనేసరికి ఆ ఏళ్లన్నిటికీ లెక్క చెప్పమంటున్నారు.

పాస్‌పోర్టు రావడమే పెద్ద తిప్పలైంది. ఆధార్‌లో పేరు ముందు బోయ అని కులం పేరుంది. బడి టీసీలో అది లేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరం ఉంది. ఇక్కడ బోయ, కురువ ఇళ్లలో చాలామంది కాగితాలు ఇట్లాగే ఉంటాయి. అవి సరిచేయించుకుని, పోలీసు విచారణ అయ్యాక గానీ పుస్తకం చేతికి రాలేదు.

మా ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గాన్ని నమ్ముకుని ఊళ్లోనే నిలబడ్డ కుటుంబాలు దానివల్ల ఎన్నో. ఇప్పుడు ఆ ఊళ్లోనే పిల్లలు పైచదువుల వీసాల కోసం అమెరికా ఐ-20 గురించి, జర్మనీ బ్లాక్డ్ అకౌంట్ గురించి మాట్లాడుకుంటున్నారు. నానక్‌రాంగూడ అమెరికా కాన్సులేట్లో ఏం అడుగుతారో చెప్పడానికి వాళ్లకు కన్సల్టెన్సీలున్నాయి, సీనియర్లున్నారు, యూట్యూబ్ ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టువాడికి ఏజెంటు ఒక్కడే దిక్కు. నాకు కడుపు రగిలేది ఇక్కడే.

ఆదోనిలో దిగి పాత ఊరి వైపు నడిచాం. ఇక్కడి జామియా మసీదు కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ పదిహేడో శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల తరఫున ఆదోనిని ఏలినవాడు, అబిసీనియా మూలాలవాడు. సముద్రం దాటి వచ్చిన బతుకులు ఈ ఊరికి కొత్త కాదు.

ఏజెంటు గది ఒక సెల్‌ఫోన్ షాపు మేడమీద. ఆయన పాస్‌పోర్టు తిరగేసి, "ఈసీఆరైతే ఏమన్నా, విజిట్ వీసా మీద పంపిస్తా. చూసిపోయేవాళ్లను క్లియరెన్స్ ఎవరూ అడగరు. దిగినాక అక్కడ మార్పిస్తారు" అన్నాడు. అందులో సగం నిజమే. క్లియరెన్స్ పనికి పోయేవాళ్లకే గానీ చూడ్డానికి పోయేవాళ్లకు అక్కర్లేదు. ఆ సగం నిజంతోనే మనుషుల్ని ముంచుతున్నారు. లైసెన్సు నంబరు అడిగాను. యజమాని పేరు, కాంట్రాక్టు అడిగాను. నీళ్లు నమిలాడు. లక్షకు పైగా అడుగుతున్నాడు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే.

కింద టీ బంకు దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. ఆ ముద్రను చూసి సిగ్గుపడకు. 1983 ఎమిగ్రేషన్ చట్టం దాన్ని నీకోసమే పెట్టింది. క్లియరెన్స్‌తో పోతే యజమాని ఎవరో, జీతమెంతో ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉంటుంది. విజిట్ వీసా మీద పనిచేస్తే అక్కడ నువ్వు కూలివాడివి కాదు, చట్టం తప్పినవాడివి. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయపడతావు. 2018లో, మళ్లీ 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది సరైన కాగితాలు లేకుండా చిక్కుకుపోయినవాళ్ల కోసమే.

అతను తల్లికి ఫోన్ కలిపి నాకిచ్చాడు. ఆమె మిరప చేన్లో ఉంది. వెనక నుంచి ఎవరో కేకేస్తున్నారు. అంతా విని ఒకటే అడిగింది: "మావాని పానానికి యామన్నా అయితే ఎవరు సార్ జవాబు?"

ప్రవాసీ భారతీయ బీమా గురించి చెప్పాను. క్లియరెన్స్‌తో పోయేవాళ్లకు అది తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయినవాడికి ఆ బీమా ఉండదు. "అయితే ఆ మేడమీదాయనకు రూపాయి ఈయద్దని చెప్పు సార్" అంది.

ఓపెన్ స్కూల్లో పది రాసి పాసైతే ఆ ముద్ర లేని పాస్‌పోర్టుకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇరవై నాలుగేళ్లవాడు, రాయగలడు, లెక్కల్లో చురుకే. ఈలోగా పోవాల్సివస్తే లైసెన్సున్న ఏజెంటు ద్వారా, క్లియరెన్స్ తీసుకునే పోతానన్నాడు. తిరుగు బస్సులోనే ఓపెన్ స్కూల్ దరఖాస్తు ఎట్లా నింపాలో అడిగాడు. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయమన్నాను.