అలవాటవుతుందని చెప్పాను

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని విమానం నడపడంలో ఒక గొప్ప సుఖం ఉంది, ఒక పెద్ద లోటూ ఉంది. తల తిప్పితే రెక్క కనిపిస్తుంది. ముందుకు వంగితే ఆల్టిమీటర్ ముల్లు దగ్గరికొస్తుంది. కాక్‌పిట్‌లో నిజంగానే కూర్చున్నట్టుంటుంది. కానీ అద్దంలోంచి బయటికి చూస్తే, దూరాన ఉన్నదేదీ తేటగా ఉండదు. మంచి చూపున్న మనిషి డిగ్రీలో 60వ వంతు వివరాన్ని పోల్చుకోగలడు. తెర ఆ కంటికి సాటి రావాలంటే డిగ్రీకి 60 పిక్సెళ్ళు కావాలి. 2016లో వచ్చిన ఓక్యులస్ రిఫ్ట్‌లో ఒక్కో కంటికి ఉన్నవి 1080×1200 పిక్సెళ్ళు. చూపు వెడల్పంతా వాటిని పరిస్తే డిగ్రీకి సుమారు 12 వచ్చాయి. 11 మీటర్ల రెక్కలున్న సెస్నా 172 ఎదురుగా 5 కిలోమీటర్ల దూరంలో వస్తుంటే, ఆ తెర మీద దాని వెడల్పు ఒకటిన్నర పిక్సెల్. నిజమైన పైలట్‌కు అది విమానం, మనకు అది ఉందో లేదో తెలియని చుక్క.

అందుకే జూమ్ అడుగుతారు. అది మోసమని, నిజమైన పైలట్ కంటికి జూమ్ ఉండదని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ హెడ్‌సెట్‌లో రెండింతలు చేసినా డిగ్రీకి 24 పిక్సెళ్ళే, మామూలు చూపులో సగం కూడా కాదు. తెర లాక్కున్నదాంట్లో కొంత తిరిగి ఇవ్వడమే జూమ్ పని. ఈ మాట అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నా తప్పు ఇచ్చిన తీరులో ఉంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా సొంతంగా ఒక చిన్న సిమ్యులేటర్ రాసుకునేవాణ్ణి. తెలిసినవాళ్ళకు, వాళ్ళ స్నేహితులకు పంపేవాణ్ణి. మామూలు మానిటర్ కోసం రాసిన జూమ్ అందులో ముందే ఉంది: కెమెరా చూసే కోణాన్ని సగం చేస్తే బొమ్మ రెండింతలవుతుంది. వీఆర్‌లో ఒక్కో కంటికి ఒక కెమెరా. తెర ఎడమ, కుడి, పై, కింది అంచులకు నాలుగు సంఖ్యలుంటాయి. ఆ నాలుగింటినీ రెండుతో భాగించాను. స్టిక్ మీద ఒక మీట నొక్కితే జూమ్, ఇంకోసారి నొక్కితే మామూలు చూపు. రాయడానికి ఒక సాయంత్రం కూడా పట్టలేదు. నా రిఫ్ట్‌లో పెట్టుకుని చూస్తే అద్భుతంగా అనిపించింది.

దాన్ని అందరికంటే ఎక్కువ ఇష్టంతో అడిగింది రాజమండ్రిలో ఉండే మా బాబాయి. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. మధురపూడి రన్‌వే మీంచి లేచి గోదావరి దాకా వెళ్ళి, పైనుంచి తన వంతెనలు చూసుకోవాలని ఆయన కోరిక. 1897 నాటి హేవలాక్ వంతెన, రోడ్డూ రైలూ కలిసిన పెద్ద బ్రిడ్జి, ఆర్చి బ్రిడ్జి. ఆర్చి బ్రిడ్జి 28 కమానులూ ఒక్కొక్కటిగా గీశాను ఆయన కోసమే. కానీ రెండు వేల అడుగుల ఎత్తులో, కాస్త దూరం నుంచి చూస్తే అవన్నీ కలిసిపోయి బూడిదరంగు గీతలా కనిపించేవి. జూమ్ పంపాను. ఆయన దగ్గరున్నది నా దానికంటే కొత్తది, చూపు వెడల్పు ఎక్కువిచ్చే హెడ్‌సెట్. ఆ రాత్రే ఫోన్ చేశాడు.

"కమానులు కనిపించాయిరా, కానీ తల తిప్పగానే కడుపులో దేవేస్తోంది."

"మొదట్లో అందరికీ అంతే బాబాయ్. రోజూ పది నిమిషాలు పెట్టుకో, అలవాటవుతుంది."

కొన్నాళ్ళకు మళ్ళీ చేశాడు. ఒక కన్ను మూసుకుంటే బాగానే ఉంటోందన్నాడు. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. జబ్బు ఎక్కడుందో ఆయన వేలు పెట్టి చూపించాడు. కానీ అంతకుముందే ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. "ఆపరేషన్ అయిన కన్ను కదా బాబాయ్, డాక్టరుకు ఒకసారి చూపించు" అన్నాను. ఆయన నిజంగానే చూపించుకున్నాడు. కన్ను బాగుందన్నారు. "అయితే వయసురా. నా ఒంటికి పడదులే" అని హెడ్‌సెట్ బీరువాలో పెట్టేశాడు.

వికారం వచ్చిందన్నవాడు ఆయన ఒక్కడే కాదు. ఇంకొందరు కూడా రాశారు. అందరికీ అదే జవాబిచ్చాను. నాకు బాగుంది కాబట్టి లోపం వాళ్ళ ఒంట్లోనే ఉందన్న నమ్మకం నాది. నాకెందుకు బాగుందో చాలా ఆలస్యంగా తెలిసింది. నేను ఆడుతుండగా ఒక స్నేహితురాలు వీడియో తీసింది. అందులో మీట నొక్కిన ప్రతిసారీ నా తల బిగుసుకుపోతోంది. మెడ కదలదు, కళ్ళు మాత్రమే కదులుతాయి. జూమ్ తీసేశాకే తల తిరుగుతుంది. జూమ్ ఏం చేస్తుందో నా శరీరానికి ముందే తెలుసు, నాకు చెప్పకుండానే అది జాగ్రత్త పడింది. ఆ జాగ్రత్త మా బాబాయికి ఎవరు నేర్పుతారు? ఆయన వంతెన పొడవునా హాయిగా తల తిప్పి చూశాడు, అందరూ చూసేలాగే.

అప్పుడు కూర్చుని చదివాను. మనం తల కుడికి తిప్పితే కళ్ళు అంతే వేగంతో ఎడమకు తిరుగుతాయి. చూస్తున్నది చెదరకుండా నిలబడేది అందువల్లే. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు తల కదలికను పసిగట్టిన తరువాత సెకనులో 100వ వంతు గడిచేలోపే కళ్ళు స్పందిస్తాయి. మన ఇష్టంతో పని లేదు. ఈ ఏర్పాటుకు తెలిసిన లెక్క ఒక్కటే: తల 10 డిగ్రీలు తిరిగితే లోకం 10 డిగ్రీలు వెనక్కి జరగాలి. నా రెండింతల జూమ్‌లో అది 20 డిగ్రీలు జరిగేది. చెవి పది అంటోంది, కన్ను ఇరవై అంటోంది. మానిటర్ మీద ఈ తగువు రాదు. అక్కడ కెమెరాను తిప్పేది చెయ్యి, తల కాదు. వీఆర్‌లో కెమెరా అంటే చూసేవాడి తలే. దాని కోణాన్ని నేను మార్చకూడదన్న సంగతి అన్నిటికంటే ముందు తెలియాల్సింది.

అలవాటవుతుందన్న మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు, అదే దాన్ని ఇంకా చెడ్డది చేసింది. కళ్ళద్దాల పవర్ మారినప్పుడు ఒకటి రెండు రోజులు నేల ఊగినట్టుంటుంది, తరువాత సర్దుకుంటుంది. భూతద్దాల కళ్ళజోడు ఎక్కువసేపు పెట్టించి, కళ్ళు కొత్త లెక్క నేర్చుకుంటాయని 1970లలోనే శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూపించారు. కానీ అక్కడ అద్దం స్థిరంగా ఉంటుంది. నా జూమ్ నాలుగు క్షణాలు ఉండి పోతుంది, మళ్ళీ వస్తుంది. ఏ లెక్కకు అలవాటు పడాలి? ఒకవేళ పడినా, హెడ్‌సెట్ తీసి మెట్లు దిగే అరవై దాటిన మనిషికి అది మేలు చేసే అలవాటేనా? ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఇక ఒంటి కన్ను సంగతి. నా రిఫ్ట్‌లో రెండు తెరలూ ఒకే దిక్కుకు సూటిగా ఉంటాయి. చూపు వెడల్పు పెంచడానికి కొన్ని హెడ్‌సెట్లలో తెరలను కాస్త బయటికి తిప్పి బిగిస్తారు. వాల్వ్ ఇండెక్స్‌లో ఒక్కోటి 5 డిగ్రీలు. బాబాయిది కూడా ఆ తీరుదే. అలాంటి తెర లెక్కలో, సరిగ్గా ఎదురుగా ఉన్న వంతెన 5 డిగ్రీలు ముక్కువైపు పడుతుంది. హెడ్‌సెట్ ఆ తేడాను సరిచేసుకుని రెండు కళ్ళకూ వంతెనను సూటిగానే చూపిస్తుంది. నా కోడ్ మాత్రం తెర సూటిని కేంద్రంగా పెట్టుకుని రెండింతలు చేసింది. ఆ 5 దాదాపు 10 అయింది. అంటే ఒక్కో కన్నూ మరో 5 డిగ్రీలు లోపలికి తిరిగితే తప్ప రెండు బొమ్మలూ కలవవు. కనుపాపల మధ్య 63 మిల్లీమీటర్లున్న మనిషికి, అది ముఖానికి 36 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని చూడటం. కిలోమీటర్ల అవతలి గోదావరి వంతెనను చూపిస్తూ, పుస్తకం చదివినట్టు కళ్ళు దగ్గరికి తిప్పమని ఆయన్ని అడిగాను. ఒక కన్ను మూస్తే కలపాల్సిన రెండో బొమ్మే ఉండదు. ఆపరేషన్ అయిన కన్ను ఏ తప్పూ చెయ్యలేదు.

మూడో పొరపాటు ఫ్రేములది. ఫ్రేము ఆలస్యమైతే హెడ్‌సెట్ పాత బొమ్మనే తల తిరిగినంత జరిపి చూపిస్తుంది. బొమ్మ రెండింతలైందని నేను దానికి చెప్పలేదు. జరపాల్సినదాంట్లో సగమే జరిపేది. వంతెన వణికేది.

ఇప్పుడున్న జూమ్ వేరు. కాక్‌పిట్, నేల, ఆకాశం అన్నీ ఎప్పుడూ అసలు కొలతలోనే ఉంటాయి. మీట నొక్కి పట్టుకున్నంతసేపు చూపు మధ్యలో ఒక గుండ్రటి కిటికీ తెరుచుకుని, అందులో మాత్రమే దూరం దగ్గరవుతుంది. వదిలితే పోతుంది. కిటికీలో బొమ్మ ఇప్పటికీ రెండింతల వేగంతోనే జరుగుతుంది, దాన్ని తప్పించలేం. కానీ తాను ఎటు తిరుగుతున్నాడో మనిషికి ఎక్కువగా చెప్పేవి చూపు అంచులు. ఆ అంచులు ఇప్పుడు నిజం చెబుతాయి. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. డీసీఎస్ వరల్డ్‌లో స్పైగ్లాస్ పేరుతో ఇలాంటిది ఉంది. ముందే చూసి ఉంటే ఎందుకలా చేశారని అడిగేవాణ్ణి.

కిటికీకి ఖరీదుంది. సెకనుకు 90 ఫ్రేములంటే ఒక్కోదానికి 11 మిల్లీసెకన్లే చేతిలో ఉంటాయి, అందులోనే అదనపు బొమ్మ గియ్యాలి. అంత దూరంలో రెండు కళ్ళకూ కనిపించేదాంట్లో తేడా లేనట్టే కాబట్టి, బొమ్మ ఒక్కసారే గీసి రెండు కళ్ళకూ అదే ఇస్తున్నాను, తెరలు ఎటు తిరిగి ఉన్నా తల చూసే దిక్కునే కేంద్రంగా పెట్టి. డయళ్ళ మీదికి చూపు వస్తే కిటికీ మూసుకుపోతుంది. వాటికి ముందుకు వంగడం చాలు. విండ్‌షీల్డ్ చట్రం అడ్డొచ్చినప్పుడు మాత్రం దగ్గరదానికీ దూరానికీ మధ్య కళ్ళు ఇంకా తడబడుతున్నాయి. దాని మీద పని సాగుతోంది.

కొత్తది పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. పెట్టుకోమనడానికి ముందు జరిగిందంతా బాబాయికి చెప్పాను, తెరల వాలుతో సహా. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అలవాటవుతుందని ఇంకెంతమందికి చెప్పావురా?"

ఆ సాయంత్రం ఆయన పక్కనే కూర్చుని పాత మెసేజ్‌లన్నీ వెతికాను. తప్పు నాదని, వాళ్ళ ఒంటిది కాదని ఒక్కొక్కరికీ రాశాను. కొందరు కొత్తది పంపమన్నారు, కొందరు జవాబివ్వలేదు. ఒకతను మాత్రం వీఆర్ తన శరీరానికి సరిపడదనుకుని హెడ్‌సెట్ ఎప్పుడో అమ్మేశానని రాశాడు. ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు మా ఇంటికి రమ్మని అడిగాను. ఇంకా ఏమీ అనలేదు.