నల్లమల నల్లతేనె

నల్లమలలో ఎండలు ముదిరాక తీసిన తేనె చూడటానికి ముదురు బెల్లప్పాకంలా ఉంటుంది. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తప్ప అందులోని ఎరుపు తెలియదు. నాలుక మీద ముందు తీపి, ఆ వెంటనే గొంతులో చిన్న మంట, చివర్న పళ్లకు పట్టే వగరు. అంగడి తేనెకు అలవాటుపడ్డ నోటికి మొదటిసారి ఇది ఘాటనిపిస్తుంది. నాకు మాత్రం తేనె అంటే ఇదే.

కృష్ణకు దక్షిణాన పెన్నా దిక్కుగా సాగే కొండల వరుస నల్లమల. నదికి ఉత్తరాన, నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాద్ పీఠభూమి. రెండింటి నడుమ కృష్ణ లోతైన లోయలో పారుతుంది. ఈ అడవి చెంచులది. అహోబిలం నరసింహుడు మనువాడిన చెంచులక్ష్మి వాళ్ల ఆడపడుచు, శ్రీశైలం మల్లన్న వాళ్ల అల్లుడు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో వాళ్ల మీద పుస్తకం వెలువరించేనాటికి దుంపలు, పళ్లు, వేట, తేనె, ఇవే వాళ్ల బతుకు. ఇప్పుడు రేషన్ బియ్యం వచ్చాయి, అడవి పులుల అభయారణ్యమైంది. తేనె పని మాత్రం ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది.

అడవిలో తేనెలు చాలా రకాలు. పొదల్లో దొరికే జుంటి తేనె దోసెడైనా ఉండదు. తొర్రల్లో, పుట్టల్లో ఉండేది ఇంకోటి. నల్లతేనె కొండ తేనెటీగది. అది పెట్టెలో పెంచితే పెరిగే ఈగ కాదు. ఎత్తయిన చెట్టుకో, లోయ మీదికి వంగిన కొండచరియకో మీటరు వెడల్పుకు పైగా ఒకే పట్టు పెడుతుంది. పట్టును కప్పేది ఈగలే, ఒకదాని మీద ఒకటి పొరలుపొరలుగా. కందిరీగ దగ్గరికి వస్తే అన్నీ వరసగా పొట్టలు పైకెత్తుతాయి, పట్టు మీద ఒక అల ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది.

చరియ అంచు నుంచి నార తాడు పట్టుకుని మనిషి కిందికి దిగుతాడు. పచ్చి ఆకుల పొగతో ఈగల్ని లేపుతాడు. పైన తాడు కాచేది బావమరిదే కావాలన్నది పాత కట్టుబాటు. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తన గుప్పిట్లో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడు. బంధుత్వానికి ఇంతకన్నా గట్టి పరీక్ష నేనెక్కడా వినలేదు.

పట్టులో తేనె ఉండేది పైన, రాతికి అంటుకున్న లావుపాటి మూలలో. దాని కింద పుప్పొడి, ఇంకా కింద పిల్లలు. తెలిసిన చెయ్యి తేనె మూలనే కోసి పిల్లల భాగాన్ని వదిలేస్తుంది, ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. రుచిలో తేడా వచ్చేదీ ఇక్కడే. మొత్తం పట్టును కోసి పిండితే పుప్పొడి, పిల్లల రసం కలిసి తేనె మురికి నలుపు తేలుతుంది, తొందరగా పులుస్తుంది. తేనె మూలను గుడ్డలో కట్టి వేలాడదీసి, దానంతట అది కారితే దిగేది నల్లగా ఉన్నా తేటగా ఉంటుంది. నలుపంతా మంచి తేనె గుర్తని నమ్మి మోసపోకూడదు.

అసలు రంగు పూలది. వేసవిలో నేరేడు, ఇప్ప, కానుగ, మద్ది ఒకదాని వెంట ఒకటి పూస్తాయి. వేప ఎక్కువగా కలిస్తే కాస్త చేదు కూడా తగులుతుంది. అందుకే రెండు కొండల తేనె, రెండు నెలల తేనె ఒకేలా ఉండవు.

ఈ తేనెలో నీటి పాలు ఎక్కువ. ప్రమాణాల ప్రకారం తేమ నూటికి 20 మించకూడదు, పచ్చి అడవి తేనెలో తరచూ మించుతుంది. సీసా మూత దగ్గర నురగ కడితే పులుపు మొదలైనట్టే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనెను కొని, శుద్ధి చేసి అమ్మడానికి ఇదొక కారణం. నిలవ ఉండాలంటే అది తప్పదు. కానీ అన్ని కొండల తేనెనూ ఒకే పీపాలో కలిపేస్తే ఏ కొండ రుచీ మిగలదు. మామిడిపండు కొనేటప్పుడు బంగినపల్లా, రసమా అని అడిగే మనం, తేనె ఏ కొండదో, ఏ నెలదో అడగం. అడిగితే సీసా మీద ఆ రెండు ముక్కలూ రాస్తారు, ప్రాణాలకు తెగించి దిగినవాడికి ఆ రుచికి తగిన ధరా అడిగే వీలుంటుంది.

దొరికితే నిమ్మరసంలో కలిపి పాడుచేయకండి. వేడి జొన్నరొట్టె మీద వేసుకుని తినండి.