యుద్ధం ముగిసినా రన్‌వే మిగిలింది



పోయిన నెల బంధువుల పెళ్లికి మేమిద్దరం తాడేపల్లిగూడెం వెళ్లాం. ఎల్లారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డి, అక్కడి నుంచి సికింద్రాబాద్, మళ్లీ రాత్రి రైలు. తెల్లారగానే పెళ్లివారింటి పిల్లలు "రన్‌వే మీద వాకింగ్‌కు పోదాం రండి" అన్నారు. విమానాలు దిగని ఊళ్లో రన్‌వే ఏమిటి అనుకున్నాం.

పోయి చూస్తే నిజంగానే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటిదట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయని పెద్దలు చెప్తుంటే విన్నాం. మన నైజాం పల్లెలకు ఆ యుద్ధం దూరపు వార్త. కోస్తావాళ్లకు మాత్రం నెత్తిమీది భయం. ఆ యుద్ధకాలంలోనే బ్రిటిష్ ప్రభుత్వం గన్నవరంలో, దొనకొండలో, ఇక్కడ తాడేపల్లిగూడెంలో సైనిక విమానాల కోసం రన్‌వేలు వేయించింది.

1945లో యుద్ధం ముగిసింది. గన్నవరంలో ఇప్పుడు ప్రయాణికుల విమానాలు దిగుతున్నాయి. దొనకొండ విమానాల్లేక ఖాళీగా పడి ఉంది. తాడేపల్లిగూడెం విమానాశ్రయ భూముల్లో నిట్ కాలేజీ వచ్చింది. అది 2015లో మొదలైన చదువుల సంస్థ. బాంబుల విమానాల కోసం చదును చేసిన నేల మీద ఇప్పుడు పిల్లలు పుస్తకాలు పట్టుకొని తిరుగుతున్నారు. యెషయా ప్రవక్త రెండో అధ్యాయంలో చెప్పిన నాగటి నక్కులు మాకు గుర్తొచ్చాయి.

అయితే ప్రియులారా, తిరుగు రైల్లో మాకు నిద్ర పట్టలేదు. మీకు దాచకుండా ఒక మాట చెప్పాలి. మా అన్నతో గెట్టు పంచాయితీ వచ్చి తొమ్మిదేండ్లు. సర్వేయర్ వచ్చి కొలిచి, హద్దురాళ్లు పాతి ఏడేండ్లు. పొలం గొడవ ఆనాడే తీరింది. అయినా మేము వాళ్ల గడప తొక్కలేదు, వాళ్లు మా గడప తొక్కలేదు. వదినకు ఆపరేషనయితే పక్కింటివాళ్లు చెప్పగా తెలిసింది. అప్పుడు కూడా పోలేదు. యుద్ధం ఎప్పుడో అయిపోయింది. దానికోసం గుండెలో వేసుకున్న రన్‌వే మాత్రం అట్లనే ఉంది. గడ్డి కూడా మొలవనియ్యలేదు.

అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి ఐదో అధ్యాయంలో చెప్పాడు. ఆ వాక్యం మీకు ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. బోధించి, అదే చేతులతో మీకు రొట్టె విరిచి ఇచ్చాం. మమ్మల్ని క్షమించండి.

వచ్చే ఆదివారం ప్రభు బల్ల ఉంది. శనివారం పొద్దున మేమిద్దరం అన్న ఇంటికి పోతున్నాం. పొలం మాట ఎత్తం. వదిన ఆరోగ్యం అడుగుతాం, కూర్చోమంటే కూర్చుంటాం. తలుపు తీస్తారో లేదో తెలియదు. మాకోసం ప్రార్థించండి. మీలో ఎవరికైనా అట్లాంటి ఇల్లు ఒకటి ఉంటే, మీరూ శనివారమే బయలుదేరండి.

ప్రభువు సమాధానం మీకు తోడుండును గాక. ఆమేన్.