కోటయ్య మెట్లే తొలి బడి

పొద్దు పొడవక ముందే వెళ్లి కోటప్పకొండ మెట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, కొండెక్కడం గురించి సగం తెలిసిపోతుంది! పందెం కట్టుకున్న కుర్రాళ్లు రెండేసి మెట్లు ఒక్క అంగలో దాటేస్తూ దూసుకుపోతారు. వాళ్ల వెనకే పూజ బుట్ట పట్టుకుని ఓ అవ్వ... నిదానంగా, ఒక్కో మెట్టూ. కాసేపయ్యాక చూస్తే కుర్రాళ్లు రొప్పుతూ మెట్ల పక్కన కూలబడి ఉంటారు. అవ్వ మాత్రం వాళ్లను దాటుకుని పోతూనే ఉంటుంది.

ఆమె గుట్టు వయసులో లేదు, బలంలో లేదు. నడకలో ఉంది.

పల్నాడు అనగానే కారంపూడి, మాచర్ల, గురజాల, వీరగాథలు గుర్తొస్తాయి. కొండలు అంతగా తలపుకు రావు. కానీ జిల్లా కేంద్రం నరసరావుపేట నుంచి పన్నెండు కిలోమీటర్లు వెళితే పొలాల మధ్య మూడు తలలతో కోటప్పకొండ. ఎటు నుంచి చూసినా బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ కనిపిస్తాయంటారు. అందుకే త్రికూటాద్రి అని పేరు. ఘాట్ రోడ్డు వచ్చాక బస్సూ కారూ గుడి దాకా వెళ్తున్నాయి. అయినా కొండెక్కడం నేర్చుకోవాలనుకునేవారికి పాత మెట్లదారే బడి.

మాట ఆగితే కాలు ఆపండి

తొలిసారి ఎక్కేవారు చేసే పొరపాటు ఒకటే... తొందర! పక్కవారితో మాట్లాడుతూ ఎక్కగలిగితే అదే మీ వేగం. మాట తెగుతోందంటే తగ్గించాలి. మునివేళ్ల మీద కాకుండా పాదం మొత్తం మెట్టుకు ఆనిస్తే భారం పిక్కల మీద కాక తొడల మీద పడుతుంది. పెద్ద కండరాలు కనుక అవి త్వరగా అలసిపోవు. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగాలి. పల్నాడు ఎండ సంగతి తెలిసిందే కాబట్టి తెల్లవారుజామునే మొదలెట్టాలి.

ఎక్కడం కష్టం, దిగడం సుఖం అనుకుంటారు చాలామంది. మర్నాడు పొద్దున మంచం దిగబోతే తెలుస్తుంది అసలు సంగతి! ఆ ఒళ్లునొప్పుల్లో ఎక్కువ భాగం దిగినందుకు వచ్చినవే. మోకాళ్లు కాస్త వంచి, చప్పుడు కాకుండా అడుగు వేస్తూ దిగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

వారానికి రెండు మూడుసార్లు ఎక్కితే కొద్ది వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది. కండరాలు తొందరగా అలవాటు పడతాయి. వాటిని ఎముకకు పట్టి ఉంచే టెండన్లకు మాత్రం నెలలు పడుతుంది. అందుకే ఊపిరి పదమంటున్నా మోకాలు వద్దంటే మోకాలి మాటే వినాలి. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలెట్టాలి. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోవాలి.

దేవుడే సగం దారిలో...

ఆగిపోవడం ఓటమి కాదని ఈ కొండ కథే చెబుతుంది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ రుద్ర శిఖరం ఎక్కి శివుణ్ని కొలిచేదట. గర్భవతి అయ్యాక ఎక్కలేక, నువ్వే కిందికి రమ్మని వేడుకుంది. వెనక్కి చూడకుండా నడువు, వస్తానన్నాడు స్వామి. బ్రహ్మ శిఖరం దగ్గర భయంకరమైన చప్పుళ్లకు ఆమె తిరిగి చూసేసరికి స్వామి అక్కడే లింగమై నిలిచిపోయాడు. ఇప్పటి గుడి అక్కడిదే. గొల్లభామకూ గుడి ఉంది.

కొత్తవారికీ అదే తొలి మజిలీ. బ్రహ్మ శిఖరం దాకా ఆయాసపడకుండా వెళ్లగలిగాకే రుద్ర శిఖరం మీది పాత కోటయ్య గుడి సంగతి ఆలోచించాలి. ఆ తర్వాత రెడ్డిరాజులు ఏలిన కొండవీడు కొండలు ఎలాగూ ఉన్నాయి.

మెట్ల నుంచి బండకు

మెట్లు లేని బండ ఎక్కాలంటే భువనగిరి వెళ్లాలి. అక్కడి ఏకశిల మీద కోట ఉంది, రాక్ క్లైంబింగ్ శిక్షణా ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లు తొలి పాఠాలు నేర్చింది ఆ బండ మీదే. వాళ్లకు శిక్షణనిచ్చిన శేఖర్ బాబు 2007లో ఎవరెస్టు ఎక్కినవారు. భువనగిరి తర్వాత డార్జిలింగ్, ఆపైన లద్దాఖ్ చలి... ఒక్కో మెట్టే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు!

బండ మీదా పాఠం మారదు. కొత్తవారు చేతులతో వేలాడబోతారు, నిమిషాల్లో వేళ్లు లాగేస్తాయి. బరువు కాళ్ల మీదే ఉంచి, రెండు కాళ్లూ రెండు చేతుల్లో మూడింటిని కదలనివ్వకుండా నాలుగోదాన్నే జరపాలి. చేతులు పట్టుకోసమే, పైకి మోసేది కాళ్లే. అయితే తాడు, హెల్మెట్, శిక్షకుడు లేకుండా బండ జోలికి పోకూడదు.

శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టుకుని వచ్చే భక్తులు కోటయ్యను ఏమని పిలుస్తారో తెలుసా? బావిలో నీళ్లు చేదినట్టు తమను పైకి చేదుకోమని! తాడు ఆయన చేతిలోనే ఉండొచ్చు. అడుగు మాత్రం మనమే వేయాలి... అవ్వలాగా, ఒక్కో మెట్టూ.