ఒలందా అవ్వలు, మా అవ్వలు

మా మనవరాలికి ఇద్దరు అవ్వలు. ఒకరు మదురై పక్కన మా ఇంట్లో, ఇంకొకరు నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్లాండ్‌లో. మావాడు పై చదువుకని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. కోడలి తల్లిని మేము వదినగారనే పిలుస్తాం. మొదట్లో ఆవిడకు అర్థం కాలేదు గానీ ఇప్పుడు ఫోన్ ఎత్తగానే ఆవిడే ముందు "వదినా" అంటుంది. పాప పుట్టిన ఏడాది ఆవిడ ఒక మాట అంది: ఈ బిడ్డకు రెండు వైపులా పెద్దల పేర్లు ఒకే కాగితం మీద రాసి ఇద్దాం అని. సరేనన్నాం. నాయక రాజుల కాలంలో ఇక్కడికి వచ్చామని తరతరాలుగా చెప్పుకునే ఇల్లు మాది. చెప్పుకోవడమే గానీ వరసగా రాసిపెట్టింది ఎవరూ లేరు. అందుకని ఈ పని మాకూ నచ్చింది.

వదినగారు ఎట్లా వెతికిందో చూస్తే ముచ్చటేసింది. ఆ దేశంలో చాలా చోట్ల పుట్టుక, పెళ్ళి, చావు మూడూ సర్కారు పుస్తకంలో రాయడం 1811లో మొదలైంది. అప్పుడా దేశం నెపోలియన్ చేతిలో ఉండేది. ఇప్పటికీ పుట్టుక పత్రం 100 ఏళ్ళకు, పెళ్ళి పత్రం 75 ఏళ్ళకు, మరణ పత్రం 50 ఏళ్ళకు అందరూ చూసేందుకు తెరుస్తారు. చాలామటుకు ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో చూడొచ్చు.

ముందు పట్టుకోవాల్సింది పెళ్ళి పత్రం. అందులో ఇద్దరి వయసు, పుట్టిన ఊరు, చేసే పని, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఆ తల్లిదండ్రుల పెళ్ళి పత్రం వెతికితే ఇంకో తరం పైకి పోతాం. పెళ్ళప్పుడు దాఖలు చేసిన కాగితాల కట్ట దొరికితే ఇంక పండగే. తల్లిదండ్రులు అప్పటికే పోయి ఉంటే వాళ్ళ మరణ పత్రాలు, ఒక్కోసారి తాతలవి, అవ్వలవి కూడా అందులో ఉంటాయి. సంతకం రానివాళ్ళయితే ఆ సంగతీ పత్రం అడుగున రాస్తారు. వదినగారి ముత్తవ్వ తల్లి అట్లాంటి మనిషే. ఒక ముక్క రాయడం రాని ఆమె గురించి ఆరు పత్రాలు దొరికాయి.

1811కి ముందు సంగతులకు చర్చి పుస్తకాలే గతి. అందులో జ్ఞానస్నానం, పెళ్ళి, పాతిపెట్టడం రాసుకున్నారు. చేతిరాత చదవడమే ఒక విద్య. 7 అంకె వేసి పక్కన "బెర్" అని రాస్తే ఏడో నెల అనుకుంటాం, అది సెప్టెంబరు. మాకు నవ్వొచ్చింది, మా ఇంటి పాత పత్రాల తంటా గుర్తొచ్చి. వాటిలో "రక్తాక్షి నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటుంది. ఆ రక్తాక్షి 1864 కావచ్చు, 1924 కావచ్చు. అరవై ఏళ్ళకొకసారి తిరిగొచ్చే పేరు, శతాబ్దం చెప్పదు.

పేర్ల దగ్గరికొస్తే ఇంకా వింత. ఫ్రీస్లాండ్‌లో ఆ రోజుల్లో చాలామందికి ఇంటిపేరే లేదు. తండ్రి పేరే తోక. పీటర్ కొడుకు యాన్ అయితే యాన్ పీటర్స్. ఆ యాన్‌కు కూతురు పుడితే ఆమె పేరు వెనక యాన్స్. తరం మారితే తోక మారిపోతుంది. 1811 ఆగస్టు 18 నాటి ఉత్తర్వుతో ఇంటిపేరు లేనివాళ్ళంతా ఒకటి పెట్టుకుని నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. ఇంటి పెద్ద వెళ్ళి, పిల్లల పేర్లు, మనవళ్ళ పేర్లు, వయసులు చెప్పి రాయించాడు.

ఇది చదివి మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వాళ్ళు తండ్రి పేరు వదిలి ఇంటిపేరుకు వచ్చారు. తమిళనాట మనం ఇంటిపేరు వదిలి తండ్రి పేరుకు వచ్చాం. మా నాయనకు బడిలో ఇనీషియల్ ఒక్కటే రాశారు, మాకూ అంతే. అద్దంకి, వినుకొండ, కొండపల్లి లాంటి ఇంటిపేర్లు ఎక్కణ్ణుంచి వచ్చామో చెప్పే గుర్తులు. రేషన్ కార్డులో అవి లేవు. ఇంట్లో పెళ్ళి మాటలప్పుడే బయటికి వస్తాయి.

అన్నిటికన్నా మమ్మల్ని నిలబెట్టింది ఆడవాళ్ళ సంగతి. ఆ దేశపు సర్కారు పుస్తకాల్లో ఆడమనిషి పుట్టింటి పేరుతోనే ఉంటుంది, చచ్చేదాకా. మరణ పత్రంలో కూడా పుట్టింటి పేరు, ఆమె తల్లిదండ్రుల పేర్లు రాసి, ఫలానావాడి భార్య అనో విధవ అనో చేరుస్తారు. అందుకే వదినగారి వైపు కాగితంలో తాతలెంతమందో అవ్వలూ అంతమంది. మా వైపు తాతల వరస ఏడు తరాలు వచ్చింది. అవ్వల వరస మూడో తరం దాటగానే ఉత్త పేర్లయింది, ఐదో తరంలో పేరు కూడా లేదు. పొలం పత్రాల్లో చూస్తే "ఫలానావారి భార్య" అని ఉంటుంది. ఎవరి కూతురో రాయలేదు.

ఉత్త పేరు కూడా ఒక్కోసారి మాట్లాడుతుంది. ఫ్రీస్లాండ్ వైపు ఒకే ఇంట్లో ఒకే పేరుతో ముగ్గురు ఆడపిల్లలు కనబడ్డారు. అక్కడ అవ్వ పేరు, తాత పేరు బిడ్డకు పెట్టడం ఆనవాయితీ, మనలాగే. ఆ బిడ్డ పోతే తర్వాత పుట్టినదానికి మళ్ళీ అదే పేరు. మనవాళ్ళు ఇంకో దారి పట్టారు. పుట్టినవాళ్ళు దక్కకపోతే పిచ్చమ్మ, పుల్లయ్య, పెంటయ్య అని పెట్టేవారు, చావుకు కూడా అక్కర్లేని పేరు కావాలని. మా కాగితంలో పిచ్చమ్మలు ఇద్దరున్నారు. వాళ్ళకు ముందు ఎంతమంది పోయారో ఏ పత్రంలోనూ లేదు, ఆ పేరులోనే ఉంది. ఇది చెబితే వదినగారు చాలాసేపు మాట్లాడలేదు.

మా అవ్వల పుట్టిళ్ళు చివరికి దొరికింది మా మేనత్త నోట్లో. ఆమెకు తేదీలు తెలియవు. కానీ ఏ ఇంటికి పిల్లనివ్వొచ్చో, ఏ ఇంటికి ఇవ్వకూడదో బాగా తెలుసు. "ఆ ఇంటి పిల్లను మనం తెచ్చుకోకూడదురా, మా అవ్వ పుట్టినిల్లు అది కాదు గానీ ఇంటిపేరు మనదే, అన్నదమ్ములవుతారు" అంటూ ఒక్కో ముడీ విప్పింది. ఇంటిపేరు కలిస్తే పెళ్ళి కుదరదన్న కట్టుబాటు ఆ పేర్లను కాపాడింది. మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒకే ఇల్లు మా చెట్టులో నాలుగు చోట్ల వచ్చింది. వదినగారి కంప్యూటర్ అది తప్పని ఎర్రగా చూపిస్తే, కాదమ్మా, మా దగ్గర అంతే అని చెప్పాం.

ఒలందా పుస్తకాల్లో మన తీరం మనుషులూ ఉన్నారు. డచ్చివాళ్ళను మన పాతవాళ్ళు ఒలందావారనేవారు. బందరులో వలందపాలెం పేరు వాళ్ళ వల్లే వచ్చిందంటారు. 1602లో పుట్టిన వాళ్ళ కంపెనీ 1613లో పళవేర్కాడులో గెల్డ్రియా కోట కట్టింది. ఈ తీరంలో కొన్నది నేతబట్టలే కాదు, కరువు రోజుల్లో మనుషుల్ని కూడా. ఓడల్లో బటావియాకు, సింహళానికి, ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు తీసుకుపోయి బానిసలుగా పెట్టుకున్నారు. కేప్ పుస్తకాల్లో వాళ్ళకు యజమాని పెట్టిన ఒక పేరు, దాని పక్కన "కోరమాండల్‌ది" అనో "తీరందానిది" అనో ఉంటుంది. అంతే. ఆమెకూ ఒక ఇంటిపేరు ఉండే ఉంటుంది. ఏ మేనత్తో దాన్ని తలుచుకుని, తలుచుకుని, పోయి ఉంటుంది. అన్నీ రాసిపెట్టిన జాతి ఆ ఒక్కటి రాయలేదు.

ఇది పాప కాగితంలో పెట్టాలా అని మాలో మాకు చర్చ వచ్చింది. వదినగారే అంది, పెట్టాలి, మా వైపు అచ్చులోనే పెట్టాలి అని. కాగితం వెనకవైపు నాలుగు వాక్యాలు రెండు భాషల్లో రాశాం. పాప తెలుగు కూడా చదువుతుందని మా ఆశ.

మీ ఇళ్ళలో ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. తాతల వరస ఆగండి, అది ఎట్లాగూ దొరుకుతుంది. ముందు ఇంట్లో పెద్ద ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ పుట్టింటి పేరు, వాళ్ళమ్మ పుట్టింటి పేరు, వాళ్ళవ్వ పుట్టింటి పేరు రాసుకోండి. పాత లగ్నపత్రికలు పారేయకండి, రెండు ఇంటిపేర్లూ అందులో ఉంటాయి. రాసిన ప్రతి కాగితం మీద ఇంగ్లీషు సంవత్సరం కూడా వేయండి.

మేనత్తకు ఈ పొంగల్‌కు 88 నిండుతాయి. ఆమెను అడగాల్సిన ఇళ్ళు ఇంకా మూడున్నాయి.