వన్ టౌన్ మోస్తున్న బరువు

విజయవాడ రైల్వే స్టేషనుకు పడమట, ఇంద్రకీలాద్రికీ కాలువలకూ నడుమ ఇరుకుగా ఒదిగి ఉన్న పాత బస్తీని నగరవాసులు వన్ టౌన్ అని పిలుస్తారు. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరు పారిననాటి నుంచీ, పొలాల్లో పండిన పంట అంగడికి చేరడానికి ఈ ఊరు ఒక ప్రధాన కూడలి అయింది. తరువాత రైలు వచ్చింది. 1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ నిలిచింది. అయినా సరుకు దిగేదీ, ఎక్కేదీ ఈ సందుల్లోనే. కాళేశ్వరరావు మార్కెట్టు, వస్త్రలత, పంజా సెంటరు, తారాపేట, ఇస్లాంపేట, వించిపేట, చిట్టినగర్ అంటూ ఒక్కొక్క పేరు చెప్పుకుంటూ పోతే ఒక్కొక్క సరుకు వాసన తగులుతుంది. హోల్‌సేల్ వ్యాపారంలో పెద్ద భాగం గొల్లపూడిలోని మహాత్మా గాంధీ వాణిజ్య సముదాయానికి తరలిపోయినా, వన్ టౌన్ వీధుల్లో తెల్లవారుజామున లారీ వెనుక తలుపు పడే చప్పుడు ఇంకా ఆగలేదు.

ఈ ఊరిని చూడవచ్చినవారు కొండమీది గుడినీ, గాంధీ కొండనూ, బ్యారేజీ మీది సాయంత్రపు గాలినీ చూసి వెళ్తారు. నాకు మాత్రం ఇక్కడ ఎప్పుడూ మనుషుల వీపులే కనిపిస్తాయి. లారీ అంచుకు వీపు ఆనించి, తలమీది తుండుగుడ్డ సరిచేసుకుని, పైనుంచి జారిన బస్తాను మెడకూ భుజానికీ మధ్య నిలుపుకునే ముఠా కార్మికుల వీపులు. గుడ్డల బేళ్లను ఇనుప కొక్కెంతో లాగే కూలీల వీపులు. ఇరుకు గల్లీలోకి లారీ రాలేదు, తోపుడు బండి కూడా కొంతదూరమే వస్తుంది. ఆపైన మెట్లున్న గోడౌనులోకి సరుకు చేరాలంటే మనిషి నడుము తప్ప వేరే వాహనం లేదు.

సిమెంటు బస్తా 50 కిలోలు. గోడౌన్లకు వచ్చే ధాన్యపు, బియ్యపు బస్తాలు చాలావరకు అంతే. ఇళ్లకు అమ్మే బియ్యపు బస్తా మాత్రం ఇటీవల 26 కిలోలకు మారింది. 2022 జూలైలో 25 కిలోల వరకూ ఉండే ప్యాకెట్ బియ్యంపై పన్ను వేయడంతో వ్యాపారులు ఒక కిలో పెంచారు. పన్ను లెక్కలో ఒక కిలో ఎంత విలువైనదో అందరికీ తెలిసింది. మోసేవాడి వెన్నుకు ఆ కిలో ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే వయోజన పురుషుడు మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలని సిఫారసు చేసింది. అది ఒక్కసారి ఎత్తే బరువుకు పెట్టిన హద్దు. రోజుకు ఎన్ని బస్తాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం లారీ పొడవును బట్టే ఉంటుంది.

నొప్పి కూలీలకే పరిమితం కాదు. వన్ టౌన్ కొండవాలు ఇళ్లలో కాపురం చేసే స్త్రీలు నీళ్ల బిందెలతో, గ్యాసు బండలతో, చంటిబిడ్డలతో రోజూ మెట్లెక్కుతారు. దర్జీలు కుట్టుమిషను మీద గంటల తరబడి వంగే ఉంటారు. దుకాణదారులు గద్దెపై కాళ్లు ముడుచుకుని పగలంతా కూర్చుంటారు. ఈ ఊరి మస్జిదుల్లో వెనుక వరుసన వేసే కుర్చీలను చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. రుకూలో వంగలేనివారు, సజ్దా నుంచి లేవలేనివారు ఆ కుర్చీల్లో కూర్చుని నమాజు చేస్తారు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చన్న సడలింపు దైవప్రవక్త ముహమ్మద్ (స) నేర్పినదే. అయితే ఒకప్పుడు ఆ కుర్చీలు వృద్ధుల కోసం ఉండేవి. ఇప్పుడు నలభై దాటని వాళ్లూ వాటిని వెతుక్కుంటున్నారు.

అలాంటి ఒక కుర్చీలో కూర్చునే వించిపేట సోదరుడొకరు మొన్నామధ్య అస్ర్ నమాజు తరువాత జేబులోంచి ఒక రంగుల కరపత్రం తీసి నా చేతిలో పెట్టారు. ఇరవై రెండేళ్లుగా బస్తాలు మోసిన మనిషి. వేరే నగరంలోని ఒక క్లినిక్కు ఆ కరపత్రం వేసింది. శస్త్రచికిత్స లేకుండా మూలకణాలతో అరిగిన డిస్కును మళ్లీ పెంచుతామని అందులో ఉంది. ఫోనులో వాళ్లు చెప్పిన ధర రెండు లక్షల ఎనభై వేలు.

“మీ వదినగారు గాజులు తీసి ఇస్తానంటోంది భాయ్. అవి పిల్ల నికాహ్ కోసం ఉంచినవి. తీసుకోమంటారా?” అని అడిగారాయన.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం న్యాయం కాదనిపించింది. ఆ తరువాత తెలుసుకున్నదంతా ఆయనకు చెప్పాను. అదే ఇప్పుడు పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఇలాంటి కరపత్రం మరో ఇంటి గుమ్మం తొక్కక మానదు.

మూలకణం మాయమాట కాదు. శరీరంలో ఇతర కణాలుగా మారగల, తనను తాను పెంచుకోగల కణానికి ఆ పేరు. రక్త క్యాన్సరుకూ, మరికొన్ని రక్తవ్యాధులకూ ఎముక మజ్జ మార్పిడి దశాబ్దాలుగా జరుగుతోంది. అది మూలకణాల చికిత్సే. విజయవాడ సరిహద్దునే తాడిగడపలో ప్రాంగణం ఉన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, సున్నమో రసాయనమో పడి కాలిపోయిన కంటి పొరను మూలకణాలతో బాగుచేసే పద్ధతిలో ప్రపంచానికి దారి చూపినవాటిలో ఒకటి. హైదరాబాదులోని ఆ సంస్థ వైద్యులు 2012లో వెల్లడించిన సరళమైన పద్ధతిని ఇప్పుడు అనేక దేశాల్లో అనుసరిస్తున్నారు. మోకాలి కీళ్ల అరుగుదలకు ఒక భారతీయ మూలకణ ఔషధానికి 2022లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించింది. కనుక ఈ శాస్త్రాన్ని మొత్తంగా తోసిపుచ్చడం అజ్ఞానమే అవుతుంది. కంటికి రుజువైనది, రక్తానికి రుజువైనది వెన్నుకూ రుజువైనట్టేనని నమ్మించడం మాత్రం మోసం.

వెన్నెముకలోని డిస్కు కష్టమైన చోటు. దానికి రక్తనాళాలు దాదాపు లేవు. లోపల ప్రాణవాయువు తక్కువ, ఆమ్లం ఎక్కువ. పైగా నిరంతరం ఒత్తిడి. సొంత కణాలే అక్కడ కష్టంగా బతుకుతుంటే, సూదితో పంపిన కొత్త కణాలు నిలదొక్కుకోవడం సులువు కాదు. దీర్ఘకాలిక నడుము నొప్పికి మూలకణాలపై జరిగిన పెద్ద పరీక్షల్లో ఒకటి అమెరికా, ఆస్ట్రేలియాలలో 404 మంది రోగులతో సాగింది. కొందరికి కణాలు, మరికొందరికి ఉప్పునీరు ఇచ్చి పోల్చిచూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. నొప్పి కొంత తగ్గిన సూచనలు కనిపించినా, ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని ఆ పరీక్ష అందుకోలేదు. అందువల్లనే ఆ సంస్థ మరో పరీక్ష మొదలుపెట్టవలసి వచ్చింది. ఉప్పునీటి సూది తీసుకున్నవారిలోనూ కొందరికి నొప్పి తగ్గుతుందన్న సంగతి ఇక్కడ మరువరాదు. ‘ఫలానా వ్యక్తికి తగ్గిందట’ అన్న మాట ఎందుకు రుజువు కాదో దీనివల్ల తెలుస్తుంది.

ఇక ధర సంగతి. అమెరికాలో మూలకణ చికిత్స ప్రకటించుకునే క్లినిక్కులకు ఫోను చేసి, మోకాలికి ఒక్క సూది ఎంతని అడిగిన పరిశోధకులు 2018లో ఆ వివరాలు ప్రచురించారు. సగటు ధర 5,156 డాలర్లు. అత్యల్పం 1,150, అత్యధికం 12,000. ఒకే పేరు గల చికిత్సకు పదింతల తేడా! కాళేశ్వరరావు మార్కెట్లో ఒక కొట్టులో వంద రూపాయలున్న పప్పు పక్క కొట్టులో వెయ్యి అంటే ఎవరైనా ముందు తూకం చూస్తారు, తరువాత సరుకు చూస్తారు. ఇక్కడ తూకమూ కనబడదు, సరుకూ కనబడదు. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, యంత్రంలో తిప్పి, అదేరోజు సూదిలో ఎక్కించడం ఒక పని. ప్రయోగశాలలో వారాల తరబడి కణాలను పెంచి, లెక్కించి, పరీక్షించి ఇవ్వడం వేరే పని. రెండింటికీ కరపత్రంలో ఒకే పేరు ఉంటుంది.

మన దేశపు నియమం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మిగిలిన మూలకణ వాడకమంతా అనుమతి పొందిన పరీక్షలోనే జరగాలి. ఆ పరీక్షలో చేరిన రోగి నుంచి చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. దీని అర్థమేమిటో నిదానంగా ఆలోచించండి. నడుముకు మూలకణాల చికిత్స నిజాయితీగా జరుగుతున్నదైతే అది రోగికి ఉచితంగా ఉండాలి. రెండు లక్షల ఎనభై వేలు అడుగుతున్నారంటే అది నియమం బయట జరుగుతున్నదని ఆ ధరే సాక్ష్యం చెబుతోంది. ఆరోగ్య బీమా నియంత్రణ సంస్థ కూడా మూలకణాల చికిత్సను బీమాలో చేర్చమన్నప్పుడు రక్తవ్యాధుల మజ్జ మార్పిడి వరకే చెప్పింది. కాబట్టి నడుముకైన ఖర్చు మొత్తం ఇంటి గాజుల మీదే పడుతుంది.

నష్టం డబ్బుతో ఆగితే అదృష్టమే. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి తయారైన సూదులు వీపులో, కీళ్లలో వేయించుకున్న 12 మంది తీవ్రమైన సూక్ష్మజీవుల సంక్రమణతో ఆసుపత్రి పాలయ్యారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించింది. నొప్పి కోసం వెళ్లి ప్రాణాపాయం తెచ్చుకున్నవారు వాళ్లు.

మరి నొప్పితో ఉన్న మనిషి ఏం చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. అందులో దాదాపు 90 శాతం ఫలానా జబ్బు అని వేలు పెట్టి చూపలేని నొప్పి. స్కానింగులో ‘డిస్కు అరిగింది’ అన్న మాట చూసి గుండె జారవలసిన పని లేదు. నొప్పి ఏమీ లేని యాభై ఏళ్లవారిలో కూడా 80 శాతం మందికి ఆ అరుగుదల కనిపిస్తుందని 2015లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. తల నెరిసినట్టే వెన్ను కూడా వయసుతో మారుతుంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో వ్యాయామం, నొప్పిని గురించిన అవగాహన, ఫిజియోథెరపీలోని కొన్ని పద్ధతులు, అవసరమైతే నొప్పి తగ్గించే సాధారణ మందులు ఉన్నాయి. నడుము పట్టీలనూ, బరువు కట్టి లాగే ట్రాక్షన్‌నూ అది సిఫారసు చేయలేదు. ఈ చికిత్స కోసం వేరే నగరానికి పోనక్కరలేదు. సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి వన్ టౌను నుంచి ఆటో దూరంలోనే ఉంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదు. మూత్రం, మలం పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలు బలహీనపడటం, జ్వరంతోనో బరువు తగ్గుదలతోనో కూడిన నొప్పి, రాత్రివేళ నిద్రపోనివ్వని నొప్పి. మన దేశంలో వెన్నెముక క్షయ అరుదు కాదు. దానికి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. అలాంటి రోగి మూలకణాల సూది కోసం డబ్బు కూడబెడుతూ నెలలు గడిపితే కాళ్లే పోవచ్చు.

వైద్యం చేయించుకోమని మన ధర్మం ఆదేశించింది. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడన్న విశ్వాసం మన నిరాశను పోగొడుతుంది. అదే ధర్మం వైద్యుడి మీదా బాధ్యత పెట్టింది. వైద్యం తెలియకుండా చికిత్సకు పూనుకుని హాని చేసినవాడు ఆ నష్టానికి జవాబుదారీ అని ఫిఖహ్ పండితులు తేల్చిచెప్పారు. ఆశ చూపి సొమ్ము గుంజడం వ్యాపారంలో మోసం. రోగి దగ్గర చేసే మోసం అంతకన్నా బరువైనది.

వించిపేట సోదరుడు ఆ క్లినిక్కుకు మళ్లీ ఫోను చేసి రెండే ప్రశ్నలు అడిగారు. ‘మీ పరీక్షకు ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత? పరీక్షే అయితే నా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు?’ అవతలివారు సంఖ్య చెప్పలేదు. నెలాఖరులోగా వస్తే ముప్పై వేలు తగ్గిస్తామన్నారు. ఆయన గాజులు ఇంటి బీరువాలోనే ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రిలో నేర్పిన వ్యాయామం మూడు నెలలుగా చేస్తున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు. అయితే ముఠా మేస్త్రీతో మాట్లాడి, ఎత్తే పని నుంచి లెక్క చూసే పనికి వారంలో మూడు రోజులు మారారు. ఆ మూడు రోజుల కూలి తక్కువే.

ఆ తక్కువైన కూలి దగ్గరే అసలు ప్రశ్న ఉంది. కార్మికుడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలని విన్న సమాజం మనది. వన్ టౌనులోని కొట్ల యజమానుల్లో మన సోదరులూ ఉన్నారు. గోడౌను మెట్లకు ఒక వాలు పలక వేయించడం, రెండు చక్రాల ట్రాలీ కొనడం, 50 కిలోల బస్తాకు ఇద్దరు చేయి వేసే పద్ధతి పెట్టడం, నడుము పట్టినవాడికి వారం రోజులు తేలిక పని ఇవ్వడం, ఇవన్నీ కలిపినా ఒక మూలకణాల సూది ఖరీదులో కొంతభాగమే అవుతుంది. వెన్ను విరిగాక లక్షలు వెతకడం కన్నా, విరగకముందే బరువు దించడం చవక. ఆ ఖర్చు మాత్రం మోసేవాడి ఇంటి గాజుల మీద పడకూడదు. మోయించుకునేవాడి లెక్కల పుస్తకంలో ఉండాలి.