యలహంకలో మా పెరడు

మల్లేశ్వరంలో ఎన్నో ఏండ్లు కాపురముండి, 2023 చివరలో యలహంకకు ఇల్లు మారాము. కెంపేగౌడ వంశీయులు ఏలిన పాత ఊరు ఇది. ఏలికల మాట ఎట్లున్నా, మా ఇంటివారికి కావలసింది గోంగూర మడి!

పాత ఇంట చెట్ల నీడ ఉండేది. ఇక్కడిది ఎర్రమన్ను, తడిస్తే బంక, ఎండితే ఇటుక.

అంతలో 2024 మార్చిలో నీటికరువు వచ్చింది. తోటలకు తాగునీరు పోయరాదని, మీరితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తరువు. న్యాయమైన ఉత్తరువే. జనం బిందెలతో వరుసలు కట్టగా మల్లెకు కుళాయి విప్పడమెట్లా? అయితే ఆ మల్లె అనంతపురం నుంచి అత్తగారు తెచ్చుకున్న అంటు. వదలనన్నారు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు బకెట్టులో పట్టి, పొద్దువాలాక పోశాము. మొదట్లో కొబ్బరిపీచు, ఎండుటాకులు పరిచాము. మధ్యాహ్నపు ఎండ తగలకుండా కుండీలను ఇంటి తూర్పుగోడ వారకు జరిపాము. కొత్తిమీర మాడిపోయింది. గోంగూర మాత్రం ఎండను లెక్కచేయలేదు. మన సీమ బిడ్డ గదా!

మే నెలలో వాన పడింది. మల్లె ఏడు మొగ్గలు వేసింది. ఏడూ అత్తగారు దేవుని పటానికే పెట్టారు. మా ఆడపిల్లలకు ఒక్కటీ దక్కలేదు.